బండికి గాలి పంపు కొనే ముందు కరెంటు లెక్క చూసుకో

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: అనంతపురం నుంచి ఉరవకొండ వైపు రోజూ బండి మీదే డ్యూటీకి పోతావు. 150 సీసీ బండి, ట్యూబ్‌లెస్ టైర్లు, హ్యాండిల్‌కి యూఎస్‌బీ చార్జర్ బిగించుకున్నావు. ఆ యూఎస్‌బీ మీద గాలి పంపు నడుస్తుందా? లేకపోతే మీ బావ కారులో వాడే వైరు పంపును బండి బ్యాటరీకి తగిలించవచ్చా? రెండూ కుదరకపోతే మూడు వేల లోపు ఏది కొనాలి?

యూఎస్‌బీ మీద నడవదు. బావ పంపు నడుస్తుంది గానీ తగిలించాల్సిన పద్ధతిలో తగిలిస్తేనే. నీ వాడకానికి మాత్రం లోపల సొంత బ్యాటరీ ఉన్న చిన్న పంపు కొనుక్కోవడమే మేలు. ఇంతటితో ఆపేయొచ్చు, కానీ ఆ మూడోదాంట్లో కూడా మోసపోయే చోట్లు ఉన్నాయి కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

నేను ఆటో ఎలక్ట్రికల్ పనిలో పడి ఇరవై రెండేళ్ళు. బ్యాటరీలు, సెల్ఫ్ మోటార్లు, వైరింగు, ఇదే నా లోకం. గాలి కొట్టడం పక్క షాపు వాళ్ళ పని. అయినా ఈ పంపులు చేతుల్లోకి వచ్చినప్పటినుంచి వాటి పుణ్యాన కాలిపోయిన వైరింగు నా బల్ల మీదికే వస్తోంది. అందుకే ముందు కరెంటు సంగతి.

బావ పంపు వెనకాల చిన్న స్టిక్కర్ ఉంటుంది, చూడు. 12 వోల్టులు, 120 వాట్లు అని ఉందనుకో. 120ని 12తో భాగిస్తే 10. అంటే ఆ పంపు తిరుగుతున్నంతసేపూ 10 ఆంపియర్లు లాగుతుంది. ఇప్పుడు నీ హ్యాండిల్ మీది చార్జర్ చూడు. 5 వోల్టులు, 2 ఆంపియర్లు, అంటే 10 వాట్లు. ఫాస్ట్ చార్జింగ్ అని రాసుంటే 18 వాట్లు. 120 వాట్ల మోటారును దానితో తిప్పాలనుకోవడం ఉద్ధరిణితో తొట్టి నింపాలనుకోవడమే. యూఎస్‌బీ పిన్నును సిగరెట్ లైటర్ సాకెట్టుగా మార్చే జాయింటు వైర్లు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. అవి చిన్న లైట్లకు, డ్యాష్ కెమెరాలకు పనికొస్తాయేమో గానీ పంపు తగిలిస్తే చార్జర్ ఆగిపోతుంది, లేదా కాలిపోతుంది.

అలాగని ఆ యూఎస్‌బీ వృథా కాదు. బ్యాటరీ పంపులు చాలావాటికి చార్జింగ్ పెట్టేది టైప్ సీ వైరుతోనే. దారిలో పంపు చార్జ్ అయిపోయిందనుకో, అరగంట బండి నడుపుతూ యూఎస్‌బీకి పెడితే నాలుగైదు వాట్ అవర్లు (ఒక వాటు గంటసేపు వాడితే ఒక వాట్ అవర్) ఎక్కుతుంది. దానితో రెండు మూడు నిమిషాలు పంపు తిరుగుతుంది. దిగిన టైరును ఒకసారి నిలబెట్టుకోవడానికి అది చాలు. ఒక చిక్కేమిటంటే చార్జింగ్‌లో ఉండగా చాలా పంపులు స్టార్ట్ కావు. వైరు పీకేసి నొక్కాలి. ఇది తెలియక పంపు చెడిపోయిందని తిరిగి పంపించినవాళ్ళు నాకు తెలుసు.

ఇక బండి బ్యాటరీ. కారు బ్యాటరీ 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఒక ఆంపియర్ చొప్పున లాగితే ఎన్ని గంటలు ఇస్తుందో ఆ కొలత) నుంచి మొదలవుతుంది. 100 సీసీ బండి బ్యాటరీ 3 గానీ 4 గానీ ఉంటుంది. 150, ఆ పైవాటిలో బండిని బట్టి 4 నుంచి 9 దాకా. సీటు తీసి చూస్తే బ్యాటరీ మీదే రాసుంటుంది. కారుకు 10 ఆంపియర్లు లెక్కలోకి రావు. 4 ఏహెచ్ బ్యాటరీ నుంచి 10 ఆంపియర్లు మూడు నిమిషాలు లాగితే అర ఏహెచ్ పోతుంది, అంటే ఎనిమిదో వంతు. కాగితం మీద ఇది పెద్ద నష్టం కాదు. కొత్త బ్యాటరీ అయితే నిజంగానే ఏమీ కాదు. కానీ మన ఎండలకు మూడేళ్ళు ఉడికిన బ్యాటరీ మీద 4 అని రాసున్నా లోపల 2 కూడా ఉండదు. పైగా సీసం బ్యాటరీతో ఒక తంటా ఉంది, ఎంత గట్టిగా లాగితే అంత తక్కువ ఇస్తుంది. సెల్ఫ్ మోటారు అంతకంటే చాలా ఎక్కువే లాగుతుంది, కానీ రెండు మూడు సెకన్లు. పంపు నిమిషాల తరబడి లాగుతుంది.

'ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుంటే చార్జ్ అవుతూ ఉంటుంది కదా' అని అందరూ అంటారు. నేనూ అన్నాను. నా అనుభవం చెప్తాను.

రెండేళ్ళ కింద వజ్రకరూరు దగ్గర ఒక చేలో ట్రాక్టర్ వైరింగు పని ముగించుకుని సాయంత్రం వస్తున్నా. తొలకరి పడితే అక్కడ జనం వజ్రాలు వెతుకుతారు, నాకు దొరికింది కంప ముల్లు. వెనక టైరులో దిగింది. తెలిసినవాణ్ణి అయ్యుండీ దాన్ని పీకాను. సన్నగా గాలి పోవడం మొదలైంది. నా దగ్గర అప్పుడు వైరు పంపే ఉండేది. క్లిప్పులు నేరుగా బ్యాటరీకి పట్టించి, ఇంజిన్ స్టార్ట్ చేసి పంపు నొక్కాను. బండి 125, బ్యాటరీ 4 ఏహెచ్, వయసు మూడేళ్ళు. మొదటిసారి ఎక్కింది. కిలోమీటరు పోగానే మళ్ళీ దిగింది. రెండోసారి పెట్టినప్పుడు నాలుగో నిమిషానికి పంపు గొంతు మారింది, గుర్రుమని తిరిగేది మూలగడం మొదలుపెట్టింది. హెడ్‌లైటు ఎర్రబడింది. ఇంజిన్ రెండు సార్లు ఎగిరెగిరిపడి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే టిక్ టిక్ టిక్ అని రిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. కిక్కు కొట్టి కొట్టి పిక్కలు పట్టేశాయి.

ఎందుకు స్టార్ట్ కాలేదంటే అది బీఎస్ 6 బండి, అంటే కొత్త పొగ నిబంధనల ప్రకారం చేసింది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్ళు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్. పెట్రోలు పంపుకు, లోపలి కంప్యూటర్‌కు కరెంటు కావాలి. పాత కార్బురేటర్ బండి బ్యాటరీ చచ్చినా కిక్కుకు లేచేది. ఇవి బ్యాటరీ పూర్తిగా పడుకుంటే కిక్కుకూ లేవకపోవచ్చు. ఇక ఇంజిన్ ఆన్‌లో ఉన్నా నిలకడ మీద చిన్న బండి తయారుచేసే కరెంటు కొంచెమే. అందులోంచి హెడ్‌లైటు తన వాటా తీసుకుంటుంది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్ళలో లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి కదా, 35 వాట్ల బల్బు అంటే దగ్గర దగ్గర 3 ఆంపియర్లు దానికే. మిగిలింది పంపుకు సరిపోదు. తక్కువైనదంతా బ్యాటరీలోంచే పోతుంది.

చివరికి బండి తోసుకుంటూ నేను రిపేరు చేసి వచ్చిన ట్రాక్టర్ దగ్గరికే తిరిగి పోయాను. ట్రాక్టర్ ఆయన నన్ను చూసి, "ఏమప్పా, కూలి చాల్లేదా?" అన్నాడు. ట్రాక్టర్ బ్యాటరీకి రెండు వైర్లు కలిపి బండి లేపి, పంపు కూడా దానికే తగిలించి టైరు నింపుకుని పంక్చర్ షాపు చేరేసరికి రాత్రి ఎనిమిది దాటింది.

కాబట్టి నీ బ్యాటరీ 8 గానీ 9 గానీ అయి, ఏడాదిన్నర లోపుదైతే బావ పంపు వాడుకోవచ్చు. 4, 5 అయితే అలవాటు చేసుకోకు, గత్యంతరం లేనప్పుడు ఒక నిమిషం చాలు. వాడేటప్పుడు ఇంజిన్ నడుస్తూ ఉండాలి, యాక్సిలరేటర్ కొద్దిగా ఎత్తి పట్టుకోవాలి, బండి ఆరుబయట ఉండాలి. షెడ్డులో తలుపు మూసుకుని ఈ పని చేయొద్దు, పొగతో ప్రాణం మీదికి వస్తుంది.

తగిలించే పద్ధతి చెప్తాను. హారన్ వైరుకు, ఇండికేటర్ వైరుకు, యూఎస్‌బీకి పోయే వైరుకు కలపొద్దు. ఆ సన్న వైర్లు 10 ఆంపియర్లు మోయలేవు. బ్యాటరీ రెండు టెర్మినళ్ళ నుంచి నేరుగా విడిగా వైరు తీయాలి. ఎర్ర వైరులో బ్యాటరీకి జానెడు లోపలే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. ఫ్యూజు పంపు దగ్గర పెడితే లాభం లేదు. మధ్యలో ఎక్కడైనా వైరు ఒరుసుకుని ఛాసిస్‌కు తగిలితే కాలేది ఫ్యూజుకు ముందున్న భాగమే. వైరు రాగిది, 2.5 చదరపు మిల్లీమీటర్లది తీసుకో. మీటరు పొడవు వైరులో సన్నది వాడితే ముప్పావు వోల్టు దాకా దారిలోనే పోతుంది, ఇది వాడితే పోయేది అందులో ఐదో వంతు. చివర రబ్బరు మూత ఉన్న రెండు పిన్నుల కనెక్టర్ పెట్టించు. బ్యాటరీ వైపు ప్లస్ పిన్ను బయటికి కనిపించేలా కాకుండా రబ్బరులో దాగి ఉండాలి, లేకపోతే అది ఛాసిస్‌కు తగిలిన రోజు నిప్పురవ్వలే. తెలిసిన మెకానిక్ గంటలో చేసేస్తాడు. హ్యాండిల్ మీద బిగించే సిగరెట్ లైటర్ సాకెట్టు నాకు నచ్చదు. గతుకులకు లోపలి స్ప్రింగు వదులైపోతుంది, వాన నీళ్ళు దిగుతాయి, 10 ఆంపియర్లకు ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

ఫ్యూజు అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఒకాయన బండి వచ్చింది నా దగ్గరికి, తాళం తిప్పితే ఏమీ లేదు. పంపు కోసం సాకెట్టును ఇగ్నిషన్ వైరుకు కలిపించుకున్నాడు. పంపు నొక్కగానే బండి ఫ్యూజు పోయింది. రోడ్డు మీద ఎవరో పుణ్యాత్ముడు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి ఫ్యూజు చోట దోపాడు. కరెంటు వచ్చింది, పంపు నడిచింది, ఆయన సంతోషంగా వెళ్ళిపోయాడు. నేను ట్యాంకు ఎత్తి చూసేసరికి లోపల ఎర్ర, ఆకుపచ్చ, పసుపు వైర్లన్నీ కరిగి ఒకే ముద్ద. వంద రూపాయల వైరు, పది రూపాయల ఫ్యూజు దగ్గర పొదుపు చేస్తే వైరింగు కిట్టు మొత్తం మార్చాల్సి వచ్చింది.

ఈ బాధలన్నీ వద్దనుకుంటే బ్యాటరీ పంపు. బండితో సంబంధం లేదు, ఇంట్లో చార్జ్ చేసుకుని బ్యాగులో వేసుకోవడమే. బావ కారుకూ, ఇంట్లో పిల్లల సైకిల్‌కూ పనికొస్తుంది. ఇక ఏది కొనాలన్నది.

పెట్టె మీద పెద్ద అక్షరాల్లో '150 పీఎస్ఐ' అని ఉంటుంది. దాన్ని పట్టించుకోకు. నీ బండికి కావాల్సింది 25 నుంచి 40 పాయింట్లు (పీఎస్ఐనే మనం పాయింటు అంటాం). 150 కొడతానని చెప్పేది ఎలాగూ 40 కొడుతుంది. ఎంతసేపట్లో కొడుతుందన్నది చూడాలి. నీ వెనక టైరులో పట్టే చోటు సుమారు పది లీటర్లు, కారు టైరులో దానికి రెండు మూడింతలు. పూర్తిగా ఖాళీ అయిన నీ టైరును 30 పాయింట్లకు తేవాలంటే బయటి గాలి ఇరవై లీటర్లకు పైగా లోపలికి తోయాలి. నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు కొట్టే పంపు అయితే రెండు, రెండున్నర నిమిషాల్లో పని అయిపోతుంది. కొన్ని పెట్టెల మీద లీటర్ల అంకె ఉండదు. అప్పుడు ఇంటికి తెచ్చాక వెనక టైరు గాలి 15కు దించి 30కి కొట్టి ఫోన్లో టైము చూడు. నిమిషం, నిమిషంన్నర పడితే మంచిదే. మూడు నిమిషాలు దాటితే తిరిగి ఇచ్చే గడువు లోపలే ఇచ్చెయ్.

రెండో మాయ ఎంఏహెచ్, అంటే ఏహెచ్‌లో వెయ్యో వంతు. 6000 అని రాసి అమ్మే పంపులో చాలాసార్లు 2000 సెల్స్ మూడు ఉంటాయి. మూడు కలిపి 6000 అంటారు. అబద్ధం కాదు, నిజమూ కాదు. వాట్ అవర్ అంకె వెతుకు, అదే అసలు ట్యాంకు కొలత. ఒక్కో సెల్ 3.7 వోల్టులు, 2 ఏహెచ్ అయితే 7.4 వాట్ అవర్లు, మూడింటికి 22. పంపు 100 వాట్లు లాగితే పన్నెండు, పదమూడు నిమిషాలు. ఖాళీ టైరు నాలుగుసార్లు నిండుతుంది. మన అవసరానికి 20 పైన ఉంటే చాలు, 15 ఉన్నా బండికి ఇబ్బంది లేదు, కారుకే ఇబ్బంది. వాట్ అవర్ అంకె ఎక్కడా రాయని పంపును నేనైతే కొనను. లిథియం బ్యాటరీకి మన దేశంలో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ గుర్తు కూడా ఉందో లేదో చూడు.

పంపు నుంచి వాల్వుకు పోయే గొట్టం బండికి చాలా ముఖ్యం. కొన్ని పంపులకు గొట్టమే ఉండదు, నాజిల్ పంపుకే అతికి ఉంటుంది. కారు చక్రానికి సరే. బండికి వాల్వు పక్కన డిస్క్ ప్లేటు, అవతల చైన్ స్ప్రాకెట్, స్కూటర్లో అయితే చక్రమే చిన్నది. జానెడున్నర గొట్టమైనా లేకపోతే పంపు ఇరుక్కుంటుంది. నాజిల్ తిప్పి బిగించే రకం గట్టిగా పడుతుంది, కానీ విప్పేటప్పుడు రెండు మూడు మరలు తిరిగేలోపు బుస్సుమని గాలి పోతుంది. కారు టైరులో అది తెలియదు, బండి టైరులో ఒకటి రెండు పాయింట్లు పోతాయి. అందుకే నేను రెండు పాయింట్లు ఎక్కువ పెట్టి, టక్కున విప్పేస్తాను. మీట నొక్కి పట్టించే రకం సులువు, అరిగితే జారుతుంది.

అంకె చేరగానే తనంతట ఆగిపోయేది తప్పకుండా కావాలి. ఇప్పుడు దాదాపు అన్నింటికీ ఉంది. టార్చి లైటు కూడా ఉంటే మంచిది, నవ్వులాటకు చెప్పడం లేదు, చీకట్లో కూడేరు అవతల రోడ్డు పక్కన వాల్వు మూత వెతికినవాడికి తెలుస్తుంది.

పంపు గేజ్‌ని గుడ్డిగా నమ్మొద్దు. తిరుగుతున్నప్పుడు చూపించే అంకె ఎప్పుడూ కాస్త ఎక్కువే, ఎందుకంటే గొట్టంలోని ఒత్తిడి అది. ఆగాక చూపించేదే టైరులోది. అదీ తప్పు కావచ్చు. నా దగ్గరికి వచ్చిన ఒక పంపు 33 చూపిస్తుంటే నా ముల్లు గేజ్‌లో (గడియారంలా ముల్లు తిరిగే గేజ్) 28. కంపెనీ పేరు ఎందుకులే. ఆ మనిషి ఆర్నెల్లుగా 28 అని పెట్టుకుని 23 మీద తిరుగుతున్నాడు, టైరు అంచులు రెండూ తెల్లబడి ఉన్నాయి. మంచి ముల్లు గేజ్ ఒకటి విడిగా కొను. పంపు ఎంత తప్పు చూపిస్తుందో ఒకసారి తెలిస్తే చాలు, ఆ తప్పు ఎప్పుడూ దాదాపు ఒకేలా ఉంటుంది. ఐదు ఎక్కువ చూపిస్తుందంటే చూపించినదాంట్లోంచి ఐదు తీసెయ్ అన్నట్టు లెక్క పెట్టుకోవచ్చు.

'బైక్ మోడ్' బటన్ నొక్కితే వచ్చే అంకె ఫ్యాక్టరీ వాళ్ళది, నీ బండిది కాదు. నీ అంకె చైన్ కవర్ మీదో, స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కర్లో ఉంటుంది. 150 బళ్ళలో చాలావాటికి ముందు 25, వెనక ఒక్కరికి 28, ఇద్దరైతే 32 అలా ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది. స్టిక్కర్ మీద కేజీల్లో 2.00 అని ఉంటే అది 28 పాయింట్లు. 200 కేపీఏ అంటే 29. పంపు బార్‌లో (అది ఒత్తిడికి ఇంకో కొలత) ఉందా పీఎస్ఐలో ఉందా చూసుకో. ఒకబ్బాయి 28 కొట్టాలని బార్‌లో 2.8 పెట్టాడు, అది 40 దాటింది. గుంత పడ్డ ప్రతిసారీ నడుము కదిలిపోయిందని నా దగ్గరికి షాక్ అబ్జార్బర్లు మార్చాలా అని వచ్చాడు.

మన దగ్గర అన్నింటికంటే ఎక్కువ జరిగే తప్పు గాలి చూసే సమయం. మే నెలలో మధ్యాహ్నం గుత్తి నుంచి వచ్చి టైరు కాలిపోతుండగా గేజ్ పెడితే 32, 33 చూపిస్తుంది. ఎక్కువైందని దించి 28 చేస్తారు. లెక్క చూడు. టైరు లోపలి గాలి 60 డిగ్రీల దగ్గర 28 ఉందంటే, తెల్లవారి 28 డిగ్రీలకు చల్లబడేసరికి అది 24. గాలి పోలేదు, ముడుచుకుంది. పది డిగ్రీలకు ఒకటింపావు పాయింటు అని గుర్తుపెట్టుకో. స్టిక్కర్ మీది అంకె చల్లటి టైరుది. పొద్దున బండి తీయకముందు చూడు, ఎక్కించేదేదో అప్పుడే ఎక్కించు. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగా ఇవ్వాలి, ఆ మిషన్ పనిచేసే రోజు కొట్టించుకో, తప్పేమీ లేదు. కానీ అక్కడికి వెళ్ళేసరికే టైరు వేడెక్కుతుంది. ఇంట్లో పంపు ఉండటం వల్ల నిజమైన లాభం ఇదే, పంక్చర్ కాదు. అయితే ఐదున్నరకు వాకిట్లో పంపు ఆన్ చేస్తే వీధి వీధంతా లేస్తుంది. మా ఇంట్లో దీని మీద రెండు గొడవలు అయ్యాయి.

ఎండ పంపుకు కూడా శత్రువే. ఈ చిన్న పంపులు రెండు మూడు నిమిషాలకే వేడెక్కుతాయి, నాజిల్ ఇత్తడి చుర్రుమంటుంది, గుడ్డతో పట్టుకుని విప్పు. ఐదారు నిమిషాలు ఏకబిగిన నడిపితే పది నిమిషాలు ఆపాలి. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. మన మే నెలలో నీడలోనే 42 ఉంటుంది, ఎండలో నిలబెట్టిన బండి సైడు డబ్బాలో చెయ్యి పెట్టలేం. కాబట్టి పంపును డబ్బాలో వదిలెయ్యొద్దు, బ్యాగులో ఆఫీసులోకి తీసుకుపో. గాలి కొట్టిన వెంటనే చార్జింగ్ పెట్టకు, చల్లారనివ్వు. వాడకపోయినా రెండు నెలలకొకసారి చార్జ్ చేస్తూ ఉండు. ఏడాది పాటు మర్చిపోయిన పంపు అవసరమైన రోజు లేవదు.

ఇప్పుడు ముల్లు సంగతి. ముల్లో మేకో కనిపిస్తే పీకొద్దు. ట్యూబ్‌లెస్‌లో అదే బిరడా. గాలి నింపి, గంటకు 40 మించకుండా, ఐదారు కిలోమీటర్లకొకసారి చూసుకుంటూ షాపు దాకా పో. తాడిపత్రి వైపు పోతే ముల్లు కాదు, రాళ్ళ పాలిష్ దగ్గర పడ్డ బండ ముక్కలు కోస్తాయి. ఆ కోత పెద్దదైతే పంపు ఏమీ చేయలేదు. దానికి జిగురు తీగల పంక్చర్ కిట్టు నేర్చుకో, ఇంటి దగ్గర పాత టైరు మీద ఒకసారి ప్రాక్టీసు చేస్తే టెన్షన్ ఉండదు.

టైరు అంచు రిమ్ము నుంచి ఊడిపోయిందంటే చిన్న పంపుతో కూర్చోదు. ఎంత కొట్టినా పక్కల నుంచే పోతుంది. ఒక్కసారిగా ఎక్కువ గాలి తోసే పెద్ద మిషన్ కావాలి. అందుకే గాలి లేకుండా అసలు నడపొద్దు, దిగుతుందని తెలియగానే ఆగు. టైరులో పంక్చర్ లిక్విడ్ పోయించుకుని ఉంటే ఇంకో జాగ్రత్త: గాలి కొట్టేటప్పుడు వాల్వు కింద ఉండకూడదు, చక్రం తిప్పి పైకో పక్కకో తెచ్చుకో. కింద ఉంటే ఆ లిక్విడ్ గొట్టంలోకి ఎక్కి పంపు వాల్వు అంటుకుపోతుంది. నేను ఒకటి విప్పి చూశాను, లోపల ఎండిన గంజిలా ఉంది.

ట్యూబు టైరు బళ్ళు ఉన్నవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి: పుల్లల చక్రం అయితే ట్యూబు ఉన్నట్టే లెక్క. ట్యూబులో ముల్లు దిగితే గాలి చాలా తొందరగా పోతుంది, పంపు మహా అయితే ఒకటి రెండు కిలోమీటర్లు తెస్తుంది. గాలి లేకుండా నడిపితే టైరు లోపల ట్యూబు జరిగి వాల్వు మొదట్లో తెగుతుంది. అలా తెగితే ప్యాచీ వేయడం కుదరదు, కొత్త ట్యూబే. అలాంటి బండి ఊళ్ళోనే తిరిగేదైతే నేను కరెంటు పంపే వద్దంటాను. కాలి పంపు, ముల్లు గేజ్ కొనుక్కోండి. ఐదు పాయింట్లు ఎక్కించడానికి ఇరవై తొక్కులు, ఖాళీ టైరుకు వంద పైన. చార్జింగ్ లేదు, ఫ్యూజు లేదు, ఎండకు చెడేదీ లేదు. నా షాపులో ఉన్న కాలి పంపు వయసు పదేళ్ళు, రెండుసార్లు లోపలి వాషర్ మాత్రం మార్చాను.

నీకు మాత్రం, రోజూ వంద కిలోమీటర్లు కాబట్టి, 20 వాట్ అవర్లు దాటిన, గొట్టం ఉన్న, తనంతట ఆగే బ్యాటరీ పంపు. మూడు వేల లోపే వస్తుంది. మిగిలిన డబ్బుతో ముల్లు గేజ్, జిగురు తీగల కిట్టు, రెండు వాల్వు పిన్నులు. బావ పంపుకే వైరు లాగించాలనుకుంటే ముందు సీటు తీసి బ్యాటరీ మీద ఉన్న ఏహెచ్ అంకె, కొన్న నెల, బండి మోడల్ ఇక్కడ రాయి. వైరు ఏ పక్కనుంచి తేవాలో, కనెక్టర్ ఎక్కడ కట్టాలో చెప్తాను.